తోక దాటేదాకా

మా ఇల్లు కాజీపేటలో, రైలు కూత వినపడేంత దూరంలో ఉంది. ఆదివారం వస్తే చాలు, ల్యాప్‌టాప్ సంచులు భుజాన వేసుకుని నలుగురైదుగురు కుర్రకారు దిగుతారు. రైలు నడిపే సిమ్యులేటర్ ఆటల్లో వరంగల్ నుంచి డోర్నకల్ దాకా ఉన్న లైనును వీళ్ళే కడుతున్నారు. వీళ్ళలో ఒకరిద్దరికి నిజం డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే సిమ్యులేటర్ల దగ్గర ఉద్యోగాలు కూడా దొరికాయి. "సార్, మీరు చేసిన పనే మేం చేయబోతున్నం, జర చెప్పుండ్రి" అంటారు. చెప్తే వింటారు, వింటూనే ఫోన్ చూసుకుంటారు. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను. నాకు ఏ ప్రమోషన్ ఎప్పుడు వచ్చిందో మా ఆవిడకే గుర్తు లేదు, మీకు ఎందుకు. ఆ సంగతులు ఇందులో లేవు.

నేను చేసిన పని

ఉద్యోగంలో మొదటి సగం గూడ్సు బండ్లు నడిపాను. రెండో సగం ఒక శిక్షణ కేంద్రంలో, సిమ్యులేటర్ గదిలో గడిచింది. ఆ గదిలో అచ్చం ఇంజను క్యాబిన్ లాంటి క్యాబిన్ ఉంటుంది. ముందు అద్దం ఉండాల్సిన చోట తెర ఉంటుంది. డ్రైవరు అందులో కూర్చుని బండి నడుపుతాడు. అతనికి ఎదురయ్యే లైను, వాన, పొగమంచు, సిగ్నళ్ళు, బోర్డులు, అన్నీ ముందుగా కూర్చిపెట్టడం నా పని. అలా కూర్చిన ఒక్కో ప్రయాణాన్ని సినారియో అంటారు. మీరు ఆటలో కట్టేదీ అదే. తేడా ఒక్కటే. మీ ఆటలో తప్పు చేసినవాడు మళ్ళీ మొదటి నుంచి ఆడతాడు. నా గదిలో తప్పు చేసినవాడి ఉద్యోగం మారిపోయేది.

నన్ను ఆ గదిలోకి తెచ్చింది ఎల్లయ్య సార్. నోటి దురుసు మనిషి. పొద్దున "ఏం సమ్మయ్యా, బతికే ఉన్నవా" అంటూ వచ్చేవాడు. నేను కట్టిన మొదటి సినారియో చూసి, ఒక మలుపులో ఉన్న, గంటకు 30 కిలోమీటర్లు దాటొద్దనే బోర్డు మీద వేలు పెట్టాడు.

"ఇదెందుకున్నది?"

"మలుపు ఉంది గద సార్."

"గా మలుపుల ముప్పై ఎందుకు? యాభై ఎందుకు గాదు?"

బోర్డు పీకేయించాడు. ఆ తర్వాత ప్రతి బోర్డుకూ ఇదే తంతు. కింద నేల కుంగుతోందా, వంతెన పాతదా, పట్టాలు మార్చే పని జరుగుతోందా, అక్కడ మనుషులు పని చేస్తున్నారా, ఏదో ఒకటి చెప్పాలి. చెప్పలేకపోతే బోర్డు ఉండదు. అప్పట్లో ఆయన మీద మహా మంటగా ఉండేది. చేతికింద నలుగురు కుర్రవాళ్ళు చేరాక నేనూ అచ్చం అలాగే తయారయ్యాను.

మొన్న మీలో ఒకతను నెక్కొండ దాటాక తాటిచెట్ల మధ్య చక్కగా ఒక బోర్డు పెట్టి చూపించాడు. ఎందుకు పెట్టావయ్యా అంటే, "సీన్ మంచిగ కొడ్తది సార్" అన్నాడు. నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. బోర్డు అందానికి పెట్టేది కాదు. ముందు కారణం అనుకోండి, తర్వాత అంకె రాయండి. కారణం తెలియని బోర్డును ఎవడూ గౌరవించడు, ఆటలో అయినా అంతే.

రోడ్డు బోర్డు, రైలు బోర్డు

ఆటల నుంచి వచ్చేవాళ్ళంతా చేసే తప్పు ఒకటుంది. రోడ్డు మీద బోర్డు దాటితే కారు మొత్తం దాటినట్టే. రైలు అలా కాదు. గూడ్సు బండిలో ఇంజను ఒక ఊళ్ళో ఉంటే చివరి వ్యాగను పక్క ఊరి పొలాల్లో ఉంటుంది. నెమ్మదిగా పోవాల్సిన చోటును ఇంజను దాటినా, తోక ఇంకా ఆ పాత వంతెన మీదే ఉంటుంది.

అందుకే నెమ్మది ముగిసే చోట రెండు గుండ్రటి పసుపు బోర్డులు పాతుతారు. ముందు వచ్చేది ప్యాసింజరు బండ్లకు. ఇంకా చాలా దూరం పోయాక వచ్చేది గూడ్సు బండ్లకు. గూడ్సు నడిపేవాడు మొదటి బోర్డును చూసీ చూడనట్టు వదిలేయాలి. రెండోది ఇంజను పక్కకు వచ్చిందంటే తోక కూడా బయటపడిందని అర్థం. అప్పుడు వేగం పెంచుకోవచ్చు.

మీ ఆటలో తెర మూలన ఎంత వేగం పోవచ్చో చెప్పే అంకె ఒకటి వెలుగుతుంది కదా, ఇంజను బోర్డు దాటగానే ఇరవై పోయి డెబ్బై ఐదు అవుతుంది. మీ వేలు వెంటనే వేగం పెంచే మీట మీదికి పోతుంది. ఆ అంకెకు తోక సంగతి తెలియదు. దాన్ని నమ్మి నేర్చుకున్న చెయ్యి ఎక్కడికి పోయినా అదే చేస్తుంది. ఆ చెయ్యిని మార్చడం ఎంత కష్టమో నేను చూశాను.

చీఫ్ సార్ తుమ్మచెట్టు

ఎల్లయ్య సార్ రిటైరయ్యాక మా గదికి కొత్త చీఫ్ వచ్చాడు. చదువుకున్నవాడు, కష్టపడేవాడు, లంచం ఎరగనివాడు. పరీక్ష అంటే మనిషిని బోల్తా కొట్టించాలి అనేది మాత్రం ఆయన నమ్మకం. ఒకే సినారియోలో పొగమంచు, పట్టాల మీద బర్రెలు, ఆరిపోయిన సిగ్నలు, తుమ్మచెట్టు వెనక సగం దాగిన బోర్డు, అన్నీ ఉండాలి. డ్రైవర్లు మా గదికి దయ్యాల కొంప అని పేరు పెట్టారు.

దాంతో ఏమైందంటే, వచ్చినవాళ్ళు బండి నడపడం మానేసి దయ్యాలను వెతకడం మొదలుపెట్టారు. ఎక్కడ ఏది మీద పడుతుందోనని బిక్కుబిక్కుమంటూ చూస్తారు. ఒక గండం దాటగానే హమ్మయ్య అనుకుంటారు, ఆ హమ్మయ్యలో పక్కనున్నది మర్చిపోతారు. ఈ మాట ఆయనతో చాలాసార్లు అన్నాను. "లైను మీద దయ్యాలు లేవా సమ్మయ్యా?" అనేవాడు. ఉన్నాయి. కానీ లైను మీద చెట్టు వెనక బోర్డు ఉంటే ఆ తప్పు పాతినవాడిది. అదే డ్రైవరుకు నేర్పితే, తన తప్పు ఏదో తనకు ఎప్పటికీ తెలియదు.

రాజేశ్వర్

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

రాజేశ్వర్‌ది నెక్కొండ పక్కన పల్లె. వ్యవసాయం చేసుకునే కుటుంబం. నేను గూడ్సు నడిపే రోజుల్లో నాకు అసిస్టెంటుగా వచ్చాడు. క్యాబిన్లో నా ఎడమపక్క కూర్చుని పని నేర్చుకున్నాడు. నన్ను సమ్మన్నా అని పిలిచేవాడు, నా పెళ్ళాన్ని వదినే అనేవాడు. ఒకే టిఫిన్‌లో తిన్నాం. తర్వాత తనూ డ్రైవరై, కొన్నేళ్ళు ప్యాసింజరు బండ్లు నడిపి మంచి పేరు తెచ్చుకున్నాడు.

ఒకరోజు మనుషులు తక్కువై అతన్ని గూడ్సు మీదికి పంపారు. అన్నీ ఖాళీ వ్యాగన్లు. ఒకచోట పట్టాల పని జరుగుతోంది, ఇరవై బోర్డు ఉంది. ఏ సెక్షనో చెప్పను. ఇరవైలోకి చక్కగా దించాడు. పని జరిగే చోటు దాటాక మొదటి గుండ్రటి బోర్డు కనపడింది. ప్యాసింజరు అలవాటులో ఉన్న చెయ్యి అక్కడే వేగం పెంచేసింది. ఖాళీ బండి కదా, వెంటనే అందుకుంది. వెనక తోక ఇంకా పట్టాలు బాగుచేసే గ్యాంగు మనుషుల పక్కనే పోతోంది. బండి నెమ్మదిగా పోతుందనే ధైర్యంతో వాళ్ళు పట్టాలకు దగ్గరగా నిలబడ్డారు. వ్యాగన్లు ఒక్కసారిగా ఊగుతూ దూసుకురావడంతో కొమురమ్మ అనే ఆమె వెనక్కి జంకి, కట్ట మీది నుంచి జారి కిందపడింది. తుంటి విరిగింది.

రాజేశ్వర్ ఆమెను చూడటానికి దవాఖానకు పోయాడు. పండ్లు పట్టుకుపోయి, మంచం పక్కన నిలబడి వచ్చేశాడట. అతన్ని బండి మీది నుంచి దించారు. విచారణ, శిక్ష అన్నీ అయ్యాక చివరగా మా గదిలో పరీక్ష పెట్టారు. పాసైతే మళ్ళీ బండి. ఫెయిలైతే ఇక జన్మలో ఇంజను ఎక్కేది లేదు, షెడ్డులో కూర్చునే పని.

సినారియో కట్టే పని నాకు పడింది.

మామూలుగా డ్యూటీలో ఎక్కడెక్కడ నెమ్మదిగా పోవాలో కాగితం మీద రాసి ముందే డ్రైవరు చేతికిస్తారు. ఎప్పుడైనా పట్టా ఉన్నట్టుండి చెడిపోతే ముందు బోర్డులు పడతాయి, కాగితం తర్వాత వస్తుంది. ఆ పరీక్షలో పెట్టాల్సింది అలాంటి, కాగితంలో లేని బోర్డు. చీఫ్ సార్ పాత పాటే పాడాడు.

"ఇరవై బోర్డు తుమ్మచెట్టు వెనక పెట్టు."

"పెట్టను సార్. ఎదురుగా, ఎండలో, కడిగినట్టు కనపడాలి."

"నీ దోస్తని మెత్తగా కడుతున్నావా?"

"మెత్తగ కాదు సార్, సాఫ్‌గ కడ్తాన."

గంటసేపు గొడవపడ్డాం. ఆయన లేచి వెళ్ళిపోయాడు, మళ్ళీ వచ్చాడు, చివరికి సరే అన్నాడు. నేను మంచి ఎండ పెట్టాను. ఒక వంతెన, వంతెన పక్కన పనిచేసే గ్యాంగు, అందులో ఆడవాళ్ళు, అందరికీ నారింజ రంగు చొక్కాలు. బోర్డులన్నీ ఉండాల్సిన దూరంలో ఉన్నాయి. బండి మాత్రం గూడ్సు.

పరీక్షకు ముందురోజు పొద్దున, డ్యూటీకి పోతూ స్టేషన్ బయట హోటల్లో ఛాయ్‌కి ఆగాను. రాజేశ్వర్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. గడ్డం గీసుకోలేదు.

"సమ్మన్నా, ఒక్క మాట. బోర్డు ఏడ పెడ్తానవ్?"

"గది చెప్పేది కాదు తమ్మీ."

"మొత్తం చెప్పమంటలేను. వంతెనకు ముందుగాలనా, స్టేషన్ దాటినంకనా, గంతే."

"గదే మొత్తం."

ఛాయ్ ముట్టలేదు. గ్లాసును బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు.

"నీ చేతికింద పని నేర్చుకున్నోన్ని. ఇంజను దిగితే నాకు ఇంకేం పని రాదు, నీకు ఎర్కనే. నా బతుకు గిట్లయితే నీకు నిద్ర పడ్తదా?"

"పట్టది."

"మల్ల?"

"అయినా చెప్ప. లైను మీద నీకు ముందుగాల ఎవడన్న చెప్తడా?"

"సరే అన్నా, నువ్వు పెద్దోనివి" అని లేచిపోయాడు. ఆ మాట ఎలా అన్నాడో నాకు ఇంకా చెవిలో ఉంది. దోస్తుకు ఒక్క మాట చెప్పలేనివాణ్ణి ఏం మనిషినని రోజంతా నన్ను నేనే తిట్టుకున్నాను. సాయంత్రం ఇంటికి వచ్చాక చెప్పేద్దామని ఫోన్ కూడా తీశాను. మా ఆవిడ చూసి, "ఏం మాట్లాడుతవో ముందు సోంచాయించుకో" అంది. ఫోన్ పక్కన పెట్టేశాను.

పరీక్ష

క్యాబిన్ వెనక గాజు గోడ ఉంటుంది. అవతల పరీక్షించే అధికారులు, చీఫ్ సార్, నేను కూర్చున్నాం. రాజేశ్వర్ మమ్మల్ని చూడకుండా పోయి సీట్లో కూర్చున్నాడు.

మొదటి నుంచీ అతని మెడ తిరుగుతూనే ఉంది. చెట్లను చూస్తాడు, స్తంభాల వెనక చూస్తాడు. దయ్యాల కొంప అన్న పేరు అతనూ విన్నవాడే. ఏసీ గదిలో చొక్కా వీపుకు అంటుకుపోయింది. ముందు ఇరవై ఉందని చెప్పే పసుపు హెచ్చరిక బోర్డు కనపడగానే, మా అందరికన్నా ముందు పట్టేశాడు. ఎంత చక్కగా దించాడంటే, చూస్తున్న అధికారి ఒకాయన తల ఊపాడు. ఇరవై. వంతెన. పక్కన గ్యాంగు. హారన్ కొట్టాడు. ఇంజను వంతెన దాటింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడతని భుజాలు కిందికి దిగాయి. గండం గడిచిందనుకున్నాడు. మొదటి గుండ్రటి బోర్డు వచ్చింది, చెయ్యి మీట మీదికి పోయింది.

నా ముందు మైకు ఉంది. బటన్ నొక్కి "రాజేశ్వర్" అంటే చాలు, చెయ్యి ఆగిపోయేది. నా వేలు బటన్ దాకా పోయింది. నొక్కలేదు. వేగం పెరిగింది. తోక వంతెన మీదే ఉంది. నా తెర మీద ఫెయిలని చెప్పే ఎర్ర చుక్క వెలిగింది.

చీఫ్ సార్ సంబరపడతాడనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి, "సాఫ్‌గానే కట్టావు సమ్మయ్యా" అన్నాడు.

మర్నాడు యూనియన్ నాయకుడు వచ్చాడు. మంచివాడే. "బోర్డు ఏదన్న మబ్బుగ ఉన్నదా సమ్మన్నా? ఒక్క చెట్టన్న అడ్డముంటే నేను కొట్లాడ్త" అన్నాడు. ఏ చెట్టూ లేదు. చీఫ్ సార్ మాట విని తుమ్మచెట్టు పెట్టి ఉంటే రాజేశ్వర్‌కు ఇంకో అవకాశం దొరికేదేమో. నేను పట్టుబట్టి వద్దన్న చెట్టే అతన్ని కాపాడేది. న్యాయంగా కట్టడమంటే ఇదని నాకు ఆ రోజు తెలిసింది. మీరు ఈ పనిలోకి వస్తున్నారు కనుక ముందే తెలుసుకోండి, న్యాయంగా కట్టినవాడికి మనసు తేలికగా ఉంటుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇంకొకటి కూడా ఆలోచించాను. బోర్డు ఏడ పెడ్తానవ్ అని అడిగాడు, నెమ్మది ఎక్కడ ముగుస్తుందని అడగలేదు. మొదలు మీద అంత భయం ఉన్నవాడికి చివర గుర్తుండదు. ఆ భయాన్ని అంతకుముందు అన్నేళ్ళూ మా గదే పెంచింది.

ఆ తర్వాత నేను మార్చింది

ఆ తర్వాత నేను కట్టిన ప్రతి సినారియోలో లెక్క తోకది. ఇంజను ఎక్కడుందన్నది కాదు, చివరి వ్యాగను ఎక్కడుందన్నదే మార్కులు వేసేది. రెండోది, ప్రయాణం అయిపోయాక డ్రైవరును సీట్లోంచి లేపి నా పక్కన కూర్చోబెట్టేవాణ్ణి. గ్యాంగు మనుషులు నిలబడే చోట, వాళ్ళ కళ్ళ ఎత్తులో కెమెరా పెట్టి, అతను నడిపిన బండినే అతనికి చూపించేవాణ్ణి. ఇంజను పోతుంది, తర్వాత వ్యాగన్లు, వ్యాగన్లు, వ్యాగన్లు. తెర మీదే అయినా కుర్చీ వెనక్కి జరుపుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి బండి నడిపినవాళ్ళు కూడా తమ బండిని అక్కడి నుంచి చూడలేదు. చీఫ్ సార్ కూడా ఒకసారి కూర్చుని చూశాడు, మర్నాటి నుంచి బర్రెలు, తుమ్మచెట్లు తగ్గాయి.

మీ ఆటల్లో ఈ కెమెరా పెట్టడం ఎంత తేలికో నాకు తెలుసు. కట్టిన ప్రతివాడూ ఒకసారి అక్కడ నిలబడి చూడండి. మీరు పెట్టిన బోర్డు సరైన చోట ఉందో లేదో అక్కడి నుంచి తెలుస్తుంది.

రాజేశ్వర్ షెడ్డులో చేరాడు. నాతో మాట మానేశాడు. పెళ్ళిళ్ళలో ఎదురైతే వేరే బంతిలో కూర్చునేవాడు. ఒకసారి ములుగు మీదుగా మేడారం పోయే బస్సులో నా ముందు సీట్లోనే కూర్చున్నాడు, దిగేదాకా కిటికీలోంచే చూశాడు. నేను రిటైరైన రోజు అందరూ వచ్చారు, అతను రాలేదు. ఆ రోజు వేసిన దండలన్నీ ఇంటికి తెచ్చాను గానీ, మనసంతా వెలితిగానే ఉంది.

ఈమధ్య ఒక ఆదివారం, మీరంతా వెళ్ళిపోయాక తలుపు చప్పుడైంది. మా ఆవిడ తీసింది.

"ఏం తమ్మీ, ఇన్నేండ్లకు తొవ్వ కనవడ్డదా?" అంది.

రాజేశ్వర్. జుట్టు మొత్తం నెరిసింది. పక్కన కూతురు శ్రావ్య. చిన్నప్పుడు నా భుజాల మీద ఎక్కి ఆడిన పిల్ల. అసిస్టెంటు డ్రైవరుగా ఉద్యోగం వచ్చిందట, ఇంకొన్ని రోజుల్లో శిక్షణకు పోతోందట.

అతను కూర్చోలేదు. "బిడ్డకు జర నేర్పు అన్నా" అన్నాడు. "షెడ్డుల కూసునేటోన్ని, నేనేం నేర్పుత."

"కోపం పోయిందా రాజేశ్వర్?" అని అడిగాను.

"పోలే. గది గట్లనే ఉన్నది" అన్నాడు. ఆ మాటలో దాపరికం లేదు. అలా అన్నందుకే నాకు ప్రాణం హాయిగా అనిపించింది.

శ్రావ్య నా కంప్యూటర్ ముందు కూర్చుంది. ఒక గూడ్సు సినారియో తెరిచాను. మీటలు ఏవి ఎక్కడున్నాయో చూపించాను. రాజేశ్వర్ కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బండి కదలబోయే ముందు ఆ పిల్ల నా వైపు తిరిగి నవ్వింది.

"పెద్దనాన్నా, ఇందుల స్పీడు బోర్డు ఏడొస్తది?"

వెనక నుంచి రాజేశ్వర్ గొంతు వినపడింది.

"చెప్పకు అన్నా."